బిల్హాలో ఊపిన పచ్చజెండా

మొన్న సాయంత్రం పట్టాల వైపు నుంచి ఢాం ఢాం అని చప్పుళ్ళు వినిపించేసరికి మా మనవరాలి కొడుకు చేతిలో పుస్తకం పారేసి నా ఒళ్ళోకి వచ్చి పడ్డాడు. "అమ్మమ్మా, పటాకే? దీవాలీ తో నహీ హై" అన్నాడు, ఇప్పుడు దీపావళి కాదు కదా అని. వాడికి తెలుగు వచ్చు. కానీ భయపడితే మాత్రం హిందీలోనే భయపడతాడు. ఎవరో గార్డు రిటైరయి ఊరికి వెళ్ళిపోతున్నాడురా, ఆయన బండి కదిలేటప్పుడు పట్టాల మీద పటాకాలు పెట్టారు అని చెప్పాను. "అచ్ఛా" అని వాడు మళ్ళీ పుస్తకం వెతుక్కున్నాడు. వాడికి అంతటితో అయిపోయింది. నాకు మాత్రం ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఈ పటాకాలు దీపావళి సరుకు కాదు. టిన్ను మూతలా గుండ్రంగా ఉంటాయి, రెండు పక్కలా సీసం పట్టీలుంటాయి. పొగమంచులో సిగ్నలు కనబడనప్పుడు పట్టాకి బిగిస్తారు. ఇంజను చక్రం ఎక్కగానే పేలుతుంది, డ్రైవరు జాగ్రత్త పడతాడు. ప్రతి గార్డు దగ్గరా ఒక డబ్బాలో కొన్ని ఉంటాయి, వాటికి లెక్క ఉంటుంది. అయితే మా బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో వాటికి ఇంకో పని కూడా ఉండేది. పాత డ్రైవరో గార్డో ఉద్యోగం చాలించి వెళ్ళిపోతుంటే, ఆ మనిషి ఎక్కిన బండి ముందు నాలుగు పటాకాలు బిగించి సాగనంపేవారు. పెద్ద సాహెబులు వినీ విననట్టు ఊరుకునేవారు. ఆ మర్యాద బండి నడిపినవాళ్ళకే. గుమాస్తాలకి లేదు. బడిపంతుళ్ళకైతే ఆ మాటే లేదు.

మా పక్కింటి మాస్టారికి లేనిది అదే.

మా క్వార్టరుకీ మాస్టారి క్వార్టరుకీ మధ్య ఒకటే గోడ. అటు పోపు వేస్తే ఇటు తుమ్మేవాళ్ళం. మా నాన్న ఇంజన్ల షెడ్డులో ఫిట్టరు. మా తాతల కాలంలోనే విజయనగరం వైపు నుంచి రైలు పని వెతుక్కుంటూ వచ్చేశాం. మాస్టారు కూడా ఆ వైపు మనిషే, పార్వతీపురం దగ్గర పల్లె. రైల్వే హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేవారు. నల్లకోటు, తలపాగా, ఎండ ఉన్నా లేకపోయినా గొడుగు, నోట్లో ఎప్పుడూ ఒక లవంగం. ఆయన పక్కనుంచి వెళ్తే లవంగం వాసనా, సుద్దముక్క వాసనా కలిసి వచ్చేవి. వాళ్ళకి పిల్లలు దక్కలేదు. అందుకని మాస్టారమ్మగారి వంటింట్లో ఉట్టి మీద ఏముందో మా అమ్మకంటే నాకే బాగా తెలుసు.

ఆ రోజుల వాసనలన్నీ నాకు ముక్కులోనే ఉన్నాయి. ఆరేసిన బట్టలకి పట్టిన బొగ్గు పొగ. అమ్మ వేయించే ఎండు నెత్తళ్ళు. పొద్దున్నే అంట్లు తోమడానికి వచ్చే ఛత్తీస్‌గఢీ ముసలమ్మ గుమ్మంలో కూర్చుని తినే బాసీ, అంటే మన చద్దన్నమే, పక్కన ఒక ఉల్లిపాయ, ఒక మిరపకాయ. పరీక్షల రోజులొచ్చాయంటే సదర్ బజార్ వైపు నుంచి ఎండిన ఇప్పపూల వాసన మత్తుగా వచ్చేది. ఆ వాసన తగిలితే కాలనీలో మగపిల్లలందరూ పుస్తకాలు దులిపి తీసేవారు, ఎందుకంటే ఆ వాసనతో పాటే మాస్టారి ఎర్రసిరా కూడా వచ్చేది.

ఆ ఎర్రసిరా గురించి చెప్పాలి. పరీక్ష కాగితాలతో ఆయన ఆగేవారు కాదు. ఉద్యోగాలొచ్చి వేరే ఊళ్ళకి వెళ్ళిన పాత పిల్లలు ఆయనకి ఇంగ్లీషులో ఉత్తరాలు రాసేవారు, "మాస్టారికి నమస్కారములు, తమ దయ వల్ల క్షేమం" అన్న ధోరణిలో. మాస్టారు ఆ ఉత్తరం చదివి, సంతోషించి, కళ్ళు తుడుచుకుని, తరవాత ఎర్రసిరాతో తప్పులు దిద్ది, దాన్నే తిరుగు టపాలో పంపేసేవారు. మంచి మనసుతోనే చేసేవారు, అందులో అనుమానం లేదు. కానీ పెళ్ళయి పిల్లలున్న స్టేషను మాస్టరుకి తన ఉత్తరం ఎర్రగా తిరిగొస్తే ఎలా ఉంటుంది? ఒకసారి రాసినవాడు రెండోసారి రాసేవాడు కాదు. ఎందుకు రాయడం లేదో మాస్టారికి అర్థమయ్యేది కాదు. మర్చిపోయారు అనుకునేవారు.

ఆదివారాలు మాత్రం ఆయన వరండా నిండిపోయేది. కుర్రాళ్ళు ఉద్యోగాల కోసం దొర ఎదుట నిలబడి ఇంగ్లీషులో జవాబులు చెప్పాలి. పుస్తకం ఇంగ్లీషు అందరికీ వచ్చు, కానీ దొర టోపీ చూడగానే నాలుక పడిపోయేది. అందుకని మాస్టారు సదర్ బజార్‌లో పాత సామాన్ల కొట్టు నుంచి ఒక దొర టోపీ కొనుక్కొచ్చారు. ఆదివారం ఉదయం తలపాగా తీసి ఆ టోపీ పెట్టుకుని, కాలు మీద కాలు వేసుకుని, వరండాలో దొరలా కూర్చునేవారు. కుర్రాళ్ళు ఒక్కొక్కరే గేటు దగ్గర నుంచి నడిచి వచ్చి, గుడ్ మార్నింగ్ చెప్పి, నిలబడాలి. అడిగినదానికి జవాబు చెప్పాలి. తల దించకూడదు.

అదే కష్టం. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళ ఎదుట తల దించడమే మర్యాద. పుట్టినప్పటి నుంచి నేర్పింది అదే. జవాబు బాగానే చెబుతూ చెబుతూ కళ్ళు నేల మీదికి జారిపోయేవి. అప్పుడు మాస్టారు బెత్తం కొసతో గడ్డం కింద నెమ్మదిగా ఎత్తి, "లుక్ అప్, మై బాయ్. ఎదటి మనిషి మొహం చూడు. నువ్వు చెప్పేది బండి చక్రాలకి కాదు, మనిషికి" అనేవారు.

మా నాయనమ్మకి ఇది ససేమిరా గిట్టేది కాదు.

"పెద్దోడి మొకంలోకి సూడమని సెప్పే పంతులు ఎక్కడైనా ఉంటాడేటే?" అనేది అమ్మతో. "మన గుంటల్ని పాడు సేసెత్తన్నాడు."

"ఊరుకోండత్తా. సూడకపోతే ఉజ్జోగం ఇవ్వరట" అనేది అమ్మ.

ఒక ఆదివారం మా అన్నయ్య వంతు. నాకూ వాడికీ మధ్య పుట్టినవాళ్ళు పుట్టి పోయారు, అందుకని వాడు నాకు అన్నయ్యలా కాక చిన్న నాన్నలా ఉండేవాడు. గార్డు పని కోసం దొర పిలుపు వచ్చింది. మాస్టారు టోపీ పెట్టుకున్నారు. ఆ ముందురోజు ఆ టోపీలో నేను రేగుపళ్ళు ఏరుకొచ్చానని ఆయనకి తెలియదు. అడగబోతే ఇవ్వరని తలుపు వెనక మేకు నుంచి దించుకుపోయి మళ్ళీ తగిలించేశాను. అన్నయ్య గుడ్ మార్నింగ్ చెప్పి నిలబడ్డాడు. మాస్టారు గంభీరంగా మొదటి ప్రశ్న అడుగుతుండగా టోపీ లోంచి ఒక చితికిన పండు ఆయన నుదుటి మీంచి ముక్కు మీదికి జారింది, దాని వెనకే చీమలు. ఒక్క కుర్రాడూ నవ్వలేదు. నవ్వితే దొర ముందు నవ్వినట్టే కదా. మా అన్నయ్య తల దించకుండా, చీమలనే చూస్తూ, జవాబు మొత్తం చెప్పేశాడు.

మాస్టారు ముక్కు తుడుచుకుని, దొర గొంతుతోనే, ఇది ఎవరి పని అని ఇంగ్లీషులో అడిగారు. నేను తలుపు వెనకనుంచి బయటికి వచ్చి, ఆయన మొహంలోకి చూస్తూ "మీ, సర్" అన్నాను, నేనే అని. నాకొచ్చిన ఇంగ్లీషు అంతే.

ఆయన టోపీ తీసి పగలబడి నవ్వారు. "చూశారా, ఈ గుంట తల దించలేదు. నేర్చుకోండి" అన్నారు మగపిల్లలతో. ఆ రోజు మాస్టారమ్మగారు నాకు బెల్లం ఆవకాయ వేసి అన్నం కలిపి పెట్టారు.

అన్నయ్యకి ఉద్యోగం వచ్చింది. గూడ్సు బళ్ళ మీద గార్డు. మాస్టారు చదువు చెప్పిన పిల్లలు అలా ఒక్కొక్కరే లైను పొడుగునా సర్దుకున్నారు. ఒకడు ఇంజన్లో బొగ్గు వేసే ఫైర్‌మన్. బెల్తరా నుంచి రోజూ నడిచి వచ్చి చదువుకున్న ఒక ఛత్తీస్‌గఢీ రైతు కొడుకు స్టేషన్లో సిగ్నలు క్యాబిన్ బాబు అయ్యాడు. కాలనీలో ఏ మూల చూసినా మాస్టారి పిల్లలే. వాళ్ళు రోడ్డు మీద ఎదురైతే మాస్టారు ఇంగ్లీషులో పలకరించేవారు, వాళ్ళు తప్పు దొర్లుతుందని భయపడి రెండు ముక్కలు చెప్పి జారుకునేవారు. ఆయనంటే ప్రాణమే, కానీ ఆ ప్రాణం ఎవరూ ఆయనకి చూపించింది లేదు.

ఒక మెయిలు డ్రైవరు రిటైరయిన రోజు మాస్టారు నన్ను ఓవర్ బ్రిడ్జి మీదికి తీసుకెళ్ళారు. కింద ప్లాట్‌ఫారం నిండా జనం, పూలదండలు, బ్యాండు. బండి కదలగానే పటాకాలు పేలాయి. పొగ పైకి వచ్చి నా కళ్ళు మండాయి. మాస్టారు బండి కనుమరుగయ్యేదాకా కటకటాలు పట్టుకుని నిలబడ్డారు.

"ఆయన నడిపిన బండి అందరికీ కనబడుతుందమ్మా" అన్నారు. "నేను చెప్పిన ఇంగ్లీషు ఏ బండికి తగిలించి ఉందో ఎవరికి తెలుసు?"

నాకేమీ అర్థం కాలేదు. కింద ముర్రా లడ్డూలు అమ్ముతున్నారు, కొనిపెట్టమన్నాను. కొనిపెట్టారు. మరమరాలు బెల్లం పాకంలో ముద్ద చేసిన ఆ లడ్డూలంటే నాకు పిచ్చి. అది నములుతూ ఇంటికి వచ్చేశాను. ఆ మాట ఎంత బాధతో అన్నారో తెలియడానికి నాకు పెళ్ళయి, పిల్లలయి, వాళ్ళు నన్ను మర్చిపోయేటంత కాలం పట్టింది.

అదే ఏడు బళ్ళో డ్రాయింగు మాస్టారు కూడా వెళ్ళిపోయాడు. ఆయన్ని సాగనంపడానికి మా మాస్టారు ఒక్కరే వెళ్ళారు. తిరిగొచ్చి భార్యతో అంటుంటే గోడ ఇవతల మాకు వినిపించింది. "ఆయన దండ తానే కొనుక్కుని తెచ్చుకున్నాడే. ఎవరైనా తెస్తారేమోనని చూసి, చివరికి సంచిలో పెట్టేసుకున్నాడు. నాకు మాత్రం అలాంటి రోజు రాకూడదు."

ఆయన వంతు ఎండాకాలంలో వచ్చింది. అదీ మాస్టారి ఖర్మే. బడికి సెలవులు, హెడ్‌మాస్టరు ఊళ్ళో లేడు, పిల్లలు పల్లెలకి పోయారు, సభా లేదు, టీ లేదు. యుద్ధం రోజులవి. పగలూ రాత్రీ సిపాయిల బళ్ళు, లైను మీద ఉన్నవాళ్ళకి సెలవన్నది లేదు. మాస్టారమ్మగారు రోలు మాకిచ్చేశారు, పచ్చడి జాడీలు గుడ్డలు చుట్టి కట్టారు. సాయంత్రం రాయపూర్ బండికి పాసు. రాయపూర్‌లో మారి పార్వతీపురం వెళ్ళాలి. ముందురోజు అన్నయ్య గోడ మీంచి తొంగి చూసి, "సాయంత్రం బండికేనా మాస్టారూ?" అని అడిగాడు.

"దానికేరా. దేనికి?"

"ఏటీ లేదు, సామాను సాయానికి" అని తప్పుకుని, ఎర్రజెండా పచ్చజెండా చంకన పెట్టుకుని డ్యూటీకి వెళ్ళిపోయాడు.

ఏటీ లేదు కాదు. చాలా ఉంది. అన్నయ్య, ఆ ఫైర్‌మన్, ఆ బెల్తరా క్యాబిన్ బాబు కలిసి ఒక పన్నాగం పన్నారు. గడువు తీరిన పటాకాలు స్టోర్సుకి తిరిగి అప్పగించాలి. అప్పగించకుండా దాచారు. బయటపడితే ఉద్యోగాలకే ముప్పు. బండి నడపని మనిషికి, ఒక నల్లవాడైన పంతులికి, రైల్వే కంపెనీ పటాకాలు పేల్చడం చిన్న నేరం కాదు. అందుకని గుట్టుగా, నోటి మాటతో, లైను పొడుగునా ఉన్న పాత పిల్లలకి కబురు పెట్టారు. వీలైనవాళ్ళంతా ఆ సాయంత్రం బిలాస్‌పూర్ ప్లాట్‌ఫారానికి రావాలి. ఆడవాళ్ళకి చెప్పకూడదని ఒట్టు. చెబితే వంటిళ్ళ మీదుగా సాహెబు బంగళాకి చేరుతుందట. మా కాలనీ మగవాళ్ళ తెలివి అంతే. ఎవరికి చెప్పాలో వాళ్ళకి చెప్పరు.

మర్నాడు పొద్దున్నే, ఎండ ఇంకా ఎక్కకముందు, మాస్టారు మా గుమ్మంలో నిలబడి ఉన్నారు. కోటూ తలపాగా వేసుకుని.

"ఏటండీ, ఇప్పుడే బయల్దేరీసినారేటి?" అంది అమ్మ. "సాయంత్రం కదా బండి?"

"ఇప్పుడొక పాసింజరు ఉందమ్మా. ఖాళీ ఇంట్లో సాయంత్రం దాకా ఎండలో కూర్చుని ఏం చేస్తాం."

"మా పెద్దోడు సాయంత్రం సాయానికి వస్తానన్నాడు కదండీ."

"వాడు డ్యూటీ నుంచి అలిసిపోయి వస్తాడు. పడుకోనీ అమ్మా, లేపకు."

మాస్టారమ్మగారు అమ్మని పక్కకి పిలిచి గుసగుసగా అన్నారు, "సాయంత్రం అందరూ తిరిగే వేళట. సాగనంపేవాళ్ళు లేకుండా అందరి ముందూ ప్లాట్‌ఫారం మీద నిలబడలేరట. నిన్నటి నుంచీ ముద్ద ముట్టలేదు తల్లీ."

అమ్మ గబగబా పెరుగన్నం కలిపి విస్తట్లో కట్టి ఇచ్చింది. నాన్న షెడ్డులో ఉన్నాడు, అన్నయ్య లైను మీద ఉన్నాడు. పాపం అమ్మకి మాత్రం ఏం తెలుసు. నేను కూలివాడి వెనకాల కాలనీ మలుపు దాకా వెళ్ళాను. అక్కడ మాస్టారు ఆగి, సంచి లోంచి ఆ దొర టోపీ తీసి నా నెత్తిన పెట్టారు. అది నా కళ్ళ దాకా దిగిపోయింది. ఆయన దాన్ని వెనక్కి నెట్టి, "లుక్ అప్" అన్నారు. తరవాత వెనక్కి చూడకుండా వెళ్ళిపోయారు.

ఆ రోజంతా నేను ఆ టోపీ తీయలేదు. దానికి ఇంకా లవంగం వాసన వేస్తూనే ఉంది.

సాయంత్రం దీపాలు పెట్టే ముందు అన్నయ్య పరుగున వచ్చాడు. లైను నుంచి దిగినవాడు ఇంటికి కూడా రాకుండా అటునుంచి అటే స్టేషనుకి పోయాడట. ప్లాట్‌ఫారం నిండిపోయిందట. రాయపూర్ వైపు నుంచీ, రాయగఢ్ వైపు నుంచీ వచ్చారట, కొందరు యూనిఫారాల్లోనే. బండి వచ్చి నిలబడినా మాస్టారు కనబడకపోయేసరికి ఆయన్ని తీసుకుపోవడానికి పరుగెత్తుకొచ్చాడు. మాస్టారి తలుపుకి తాళం. మా ఇంటి గుమ్మం ఎక్కుతూనే నవ్వుతూ ఏదో అడగబోయి, నా నెత్తి మీద టోపీ చూశాడు.

"ఇది నీకెక్కడిదే?"

"మాస్టారు ఇచ్చీసినారు. ఎల్లిపోనారు కదా" అన్నాను.

"ఎప్పుడు ఎల్లిపోనారు? ఏ బండికి?"

"పొద్దున్న పాసింజరుకి రా" అంది అమ్మ లోపల నుంచి. "ఏటయింది? అలగ సూత్తావేటి?"

అప్పుడే స్టేషను వైపు ఈల వినిపించింది. బండి కదిలింది. తరవాత ఢాం. కొంచెం ఆగి మళ్ళీ ఢాం. ఒకదాని వెనక ఒకటి, వాళ్ళు ఎన్నాళ్ళుగానో దాచినవన్నీ పేలాయి. ఎవరో తెలియని ప్రయాణికుల కింద, సిపాయిల కింద, మూటల కింద పేలాయి. విప్పేసే వ్యవధి ఎవరికీ లేకపోయింది. మా అన్నయ్య గుమ్మంలో కూలబడిపోయాడు. ఆఖరిది పేలేదాకా లేవలేదు. నాయనమ్మ మంచం మీద నుంచి, "ఎవుడో పెద్ద డైవరే ఎల్లిపోతన్నట్టున్నాడు" అంది.

ఎవరికీ కాని పటాకాలు పేలితే ఊరుకుంటారా? విచారణ పడింది. ముగ్గురూ దొర ఎదుట నిలబడ్డారు. పేల్చింది మేమే అని ముగ్గురూ ఒప్పుకున్నారు. ఎవరికోసం అని దొర అడిగితే, మా ఇంగ్లీషు మాస్టారి కోసం సర్ అని బెల్తరా అతను చెప్పాడట. ముగ్గురిలో ఒక్కడూ తల దించలేదు. దొర వాళ్ళ మొహాలు చూసి, ఆ మాస్టారు వచ్చారా అని అడిగాడట. లేదు సర్ అన్నారు. గట్టిగా మందలించి పొమ్మన్నాడు. "ఆ టోపీ కింద మన మాస్టారే కూకున్నట్టు అనిపించిందే" అన్నాడు అన్నయ్య ఇంటికి వచ్చి. అలా అంటూ ఏడ్చాడు. వాడు ఏడవగా చూడటం నాకు అదే మొదలు.

మరి ఆ సంగతి మాస్టారికి ఒక ముక్క రాసి పడేయవచ్చు కదా? అక్కడే మా వాళ్ళ బతుకు బయటపడింది. తెలుగులో రాద్దామంటే మా అన్నయ్యకి తెలుగు అక్షరాలు కూడబలుక్కోవడమే తప్ప రాయడం రాదు. బిలాస్‌పూర్‌లో పుట్టి హిందీలోనూ ఇంగ్లీషులోనూ చదివినవాడు. ఇంగ్లీషులో రాద్దామంటే ఎర్రసిరా. మనసులో ఉన్న మాట రాసి పంపితే తప్పులు దిద్దుకుని వస్తుంది. నాకా అప్పటికి ఏ అక్షరాలూ రావు. ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"ఉత్తరం ఎందుకు, మనిషిగా ఎల్లి సెప్దాం. ఆయన మొకం సూసి సెప్పాలి ఆ మాట" అన్నాడు అన్నయ్య. సెలవు దొరకగానే వెళ్దామనుకున్నారు.

యుద్ధం సెలవు దొరకనివ్వలేదు. వానలు పడ్డాయి, దసరా వచ్చింది, పోయింది. ఇంకో వానాకాలంలో ఆ వైపు నుంచి వచ్చిన ఒక బంధువు, మాస్టారు పోయారట అని మా నాన్నతో షెడ్డు గేటు దగ్గర చెప్పాడు. నాన్న ఇంటికి వచ్చి చేతులు కడుక్కోకుండానే మాకు చెప్పాడు.

అన్నయ్యకి సెలవు దొరికింది ఆ తరవాత. నన్ను కూడా తీసుకెళ్ళాడు. పార్వతీపురంలో దిగి ఎడ్లబండి మీద వెళ్ళాం. మాస్టారమ్మగారు అరుగు మీద కూర్చుని చోళ్ళు చెరుగుతున్నారు. బాగా చిక్కిపోయారు. మమ్మల్ని చూసి చేట పక్కన పెట్టి అన్నయ్య రెండు చేతులూ పట్టుకున్నారు. అమ్మా, ఆ రోజు సాయంత్రం మేమంతా వచ్చాం అని చెప్పడానికే వాడు అంత దూరం వచ్చాడు. దారి పొడుగునా అదే మాట సరిచేసుకుంటూ వచ్చాడు. కానీ ముందు ఆవిడ మాట్లాడారు.

"నువ్వొక్కడివే వచ్చినావు బావూ ఆ రోజు" అన్నారు. "బిల్హా టేసను దాటుతుంటే పక్క లైన్లో నీ గూడ్సు ఆగి ఉన్నాది. ఎనక గార్డు పెట్టి మెట్టు మీద నిలబడి పచ్చజెండా ఊపినావు. మీ మాస్టారు కిటికీలోంచి సూసినారు. 'మనవాడేనే, నాకోసం నిలబడ్డాడే, ఎలగ తెలిసిందో వీడికి' అనీసి కళ్ళమ్మట నీళ్ళెట్టుకున్నారు. పోయేదాకా అదే మాట. ఒక్కడైనా జెండా ఊపినాడు, అది సాలు నాకు అనేవారు."

అన్నయ్య చేతులు ఆవిడ చేతుల్లోనే ఉన్నాయి. వాడి మొహం నేను పక్కనుంచి చూస్తున్నాను. తరవాత, "అవునమ్మా" అన్నాడు. అంతే. పటాకాల సంగతి చెప్పలేదు. ప్లాట్‌ఫారం నిండిన సంగతి చెప్పలేదు. ఆవిడ మాకు అంబలి కాచి ఇచ్చారు, ఉల్లిపాయ నంజుకుని తాగాం, సాయంత్రానికి బయల్దేరాం.

తిరుగు బండిలో అన్నయ్య కిటికీ దగ్గర కూర్చున్నాడు. "ఎందుకు సెప్పలేదన్నియ్యా?" అని అడిగాను.

"ఆ సంగతి సెప్తే ఈ సంగతీ సెప్పాలి కదే" అన్నాడు. "బండి పక్కనుంచి ఎల్తుంటే గార్డన్నోడు జెండా ఊపాలి. అది డ్యూటీ. ఏ బండికైనా ఊపుతాం. చక్రాలు సరిగ్గా ఉన్నాయా, వేడెక్కినాయా, అది సూత్తాం. నేను చక్రాలు సూత్తన్నానే. మాస్టారు కిటికీలో ఉన్నారు. నేను తలెత్తలేదు."

అన్నయ్య గార్డుగానే రిటైరయ్యాడు. పటాకాలు పెడతామని కుర్రాళ్ళు వస్తే దండం పెట్టి వద్దన్నాడు. టోపీని చెదలు తినేశాయి. మాస్టారమ్మగారు మా అన్నయ్య జెండానే నమ్ముకుని పోయారు. అది మంచిదో కాదో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆయనకి దక్కాల్సినది అంతా ఆయన వెళ్ళిపోయిన ప్లాట్‌ఫారం మీద పేలిపోయింది, ఆయన కోసం కానిది మాత్రం కిటికీలోంచి దక్కింది. ఇది తలుచుకుంటే నాకు ఎవరి మీద కోపమో తెలియకుండా కోపం వస్తుంది.

మొన్న పటాకాలు ఆగాక మనవరాలి కొడుకుని గేటు దాకా తీసుకెళ్ళాను. రాయపూర్ బండి మా క్వార్టర్ల వెనక నుంచి వెళ్తోంది. వాడు వంగి చక్రాలు లెక్కపెడుతున్నాడు. వాడి గడ్డం కింద వేలు పెట్టి నెమ్మదిగా పైకి ఎత్తాను.

"ఏటమ్మమ్మా?" అన్నాడు.

"కిటికీల్లోకి చూడరా" అన్నాను.